గేమ్ డబ్బాలో లినక్స్ కాపురం

కంప్యూటర్ కొనడం చేతిలో డబ్బున్న ప్రతి దద్దమ్మా చేసే పనేననీ, తయారుచేయడంలోనే మగాడి గొప్పంతా ఉందనీ దేవీప్రసాద్ ప్రకటించినప్పుడు ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడలేదు. ఇదే మాట మిక్సీ గురించి కూడా అన్నాడు. అప్పటినుంచి వాళ్ళింట్లో పచ్చడి రోట్లోనే నూరుతున్నారు.

అతనిది పోర్టు రోడ్డులో ఓడ సరుకులు విడిపించే ఒక క్లియరింగ్ ఏజెంటు దగ్గర గుమాస్తా ఉద్యోగం. కాపురం పెందుర్తిలో. ఆ ఆఫీసులో ముగ్గురు ప్రసాదులు ఉండడం వల్ల, కలిసిపోకుండా ఒకణ్ణి పొడుగు ప్రసాదనీ, ఒకణ్ణి ఉపవాసాల ప్రసాదనీ, మనవాణ్ణి విప్పుడు ప్రసాదనీ పిలిచేవారు. విప్పడంలో అతనికి తిరుగులేదు. గోడ గడియారం, ఇస్త్రీపెట్టె, టేబుల్ ఫ్యాను, ఏది కనబడినా విప్పేవాడు. బిగించాక మాత్రం ప్రతిసారీ గుప్పెడు మరలు మిగిలేవి. కంపెనీవాడు అవసరానికి మించి పెట్టాడని వాటిని కిటికీలోంచి బయటికి విసిరేసేవాడు.

అసలు ఈ కంప్యూటర్ గొడవ ఎక్కడినుంచి వచ్చిందంటే, అతని భార్య రోజారమణి దగ్గరనుంచి. ఆవిడ బీకాం చదివింది. తెలుగు టైపింగ్ నేర్చుకుంది. ఆవిడ పెద్దమ్మ కూతురు సుధారాణికి పెందుర్తి జంక్షన్లో శుభలేఖల ప్రెస్సు ఉంది. ఆషాఢం వెళ్ళగానే పెళ్ళిళ్ళు మొదలవుతాయి, అప్పుడు ప్రెస్సులో ఊపిరాడదు. ఇంట్లో కంప్యూటర్ ఉంటే శుభలేఖలు టైపు చేసే పని అంతా రోజారమణికే ఇస్తానని సుధారాణి మాట ఇచ్చింది. శ్రావణం వచ్చేసరికి లేకపోతే చెల్లెలని చూడననీ, పని ఇంకొకరికి ఇచ్చేస్తాననీ కూడా ఆ నోటితోనే చెప్పింది.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో రోజారమణి వంటింటికి సంబంధం లేని వస్తువు అడగడం అదే మొదలు. ఆ పని మీద ఆవిడ ఎంత ఆశ పెట్టుకుందో వీధిలో కుక్కకి కూడా తెలుసు.

దేవీప్రసాద్ వద్దు అనొచ్చు. కానీ వద్దంటే ఎందుకు అని అడుగుతుంది. ఎందుకంటే, పెళ్ళాం సంపాదిస్తోందంటే రేపు ఆఫీసులో పొడుగు ప్రసాద్ నవ్వుతాడు. ఆ మాట పైకి అనే ధైర్యం లేని మగవాళ్ళు ఏం చేస్తారో అతనూ అదే చేశాడు. సరే అన్నాడు. అని, అటకెక్కాడు.

అటక మీద పాత లుంగీలో చుట్టి ఒక వీడియోగేమ్ డబ్బా ఉంది. రోజారమణి తమ్ముడు దొరబాబు హార్బర్లో ఓడలకి కూరగాయలూ కోడిగుడ్లూ సప్లై చేస్తాడు. ఓడ కళాసీల సరంగు ఎవరో ఇస్తే పుచ్చుకుని, బావ కదా అని తెచ్చి ఇచ్చాడు. జపాన్ సరుకు. చేసిన కంపెనీయే దాన్ని మరిచిపోయి చాలా కాలమైంది. దానితోపాటు ఒక కీబోర్డు కూడా ఉంది. ఆ కీబోర్డు చూడడంతోనే దేవీప్రసాద్ బుర్ర వెలిగింది. అతని బుర్ర వెలిగిన ప్రతిసారీ ఇంట్లో ఫ్యూజు ఎగిరిపోతుంది.

"ఇదిగో నీ కంప్యూటర్," అంటూ డబ్బాని బల్ల మీద పెట్టాడు.

"ఇది మా దొరబాబు ఇచ్చిన గేమ్ డబ్బా కాదేటండి? దీంతో మీరు కార్లు తోలుకునీవారు."

"పైకలగే కనిపిత్తాది. లోపల మెదడుంది. కంపెనీవోడు దానికి ఆటలే నేర్పేడు. నాను లినక్స్ నేర్పుతాను."

"లినక్స్ అంటే ఏటి?"

"ఆపరేటింగ్ సిస్టమ్. కంప్యూటర్‌కి పేణం లాంటిది. దేశదేశాలోళ్ళు కూకొని రాసి ఊరికే ఇచ్చేస్తన్నారు. లోపలి రాత దాసుకోరు. ఎవులైనా తీసుకోవచ్చు, ఎవులికి నచ్చినట్టు ఆళ్ళు మార్సుకోవచ్చు. ఒకడి పెత్తనం లేదు. దాన్నే స్వేచ్ఛ అంటారు."

"ఆ స్వేచ్ఛ డబ్బాలకేనా, మనుషులకి కూడా ఉన్నాదా?"

"నీకు టెక్నికల్ విషయాలు అర్థం కావు," అన్నాడు దేవీప్రసాద్, స్క్రూడ్రైవర్ తీస్తూ.

"శ్రావణం వచ్చీలోగా అవుతాదా?"

"ఆషాఢం సగమవకుండానే నువ్వు టైపు సేత్తావు. సూడు."

డబ్బాకి సొంత తెర లేదు కాబట్టి దాన్ని ఇంట్లో ఉన్న ఒకే ఒక్క టీవీకి తగిలించాలి. ఆ టీవీ ముందు అప్పటికే దేవీప్రసాద్ తల్లి మహాలక్ష్మమ్మ స్థిరపడి ఉంది. ఆవిడ చూసే సీరియల్లో కోడలికి పాలల్లో విషం కలిపి వారమైంది. కోడలు ఆ పాలు ఇంకా తాగలేదు. సరిగ్గా గ్లాసు ఎత్తే సమయానికి కొడుకొచ్చి తీగ పీకేశాడు.

"ఒరే, అది తాగిందో లేదో సూడనీ."

"రేపు తాగుతాదిలేయే అమ్మా. ఇక్కడ సరిత్ర రాస్తన్నాను."

"నీ సరిత్ర మిక్సీలో సూసేన్లే," అని ఆవిడ గొణుక్కుంటూ లేచింది. ఆ రోజునుంచి సొంత కోడలి పక్షం చేరిపోయింది.

తరవాతి కథంతా జంక్షన్లో తాతబాబు నెట్ సెంటర్లో జరిగింది. దేవీప్రసాద్ ఆఫీసునుంచి తిన్నగా అక్కడికి వెళ్ళి, లినక్స్‌ని దింపుకుని, సీడీ మీద రాయించుకుని ఇంటికి తెచ్చి డబ్బాలో పెట్టేవాడు. డబ్బా ఒకసారి గుర్రుమని, నల్లటి తెర చూపించి ఊరుకునేది. మర్నాడు ఇంకో సీడీ. మళ్ళీ గుర్రు. పనికిరాని సీడీలు పెరిగిపోతుంటే మహాలక్ష్మమ్మ వాటికి దారాలు కట్టి, డాబా మీద ఎండబెట్టిన వడియాల చుట్టూ వేలాడదీసింది. ఆ తళతళకి కాకి ఒక్కటి కూడా వాలలేదు. లినక్స్ ఆ ఇంట్లో మొదట పనిచేసింది కాకుల మీదే.

"పోనీ ఎవులినైనా అడగరాదా బావా?" అన్నాడు దొరబాబు ఒకరోజు.

అడగడానికి చోటుంది. ఇలాంటి పాత గేమ్ డబ్బాల్లో లినక్స్‌ని కాపురం పెట్టించాలని తపించే మనుషులు ప్రపంచంలో అక్కడక్కడా ఉన్నారట. వాళ్ళందరికీ కలిపి ఒక మెయిల్ గ్రూపు ఉంది. అందులో ఒకరు ప్రశ్న రాస్తే అందరికీ చేరుతుంది, తెలిసినవాడు జవాబిస్తాడు. దేవీప్రసాద్ చేరాడు. చేరి, కస్టమ్స్ ఆఫీసరుకి అర్జీ రాసే అలవాటు చొప్పున, "మహారాజరాజశ్రీ అయ్యగార్లకు, మిక్కిలి వినయముతో మనవి చేసుకొనునది" అన్న ధోరణిలో ఇంగ్లీషులో పొడుగాటి విన్నపం రాశాడు. అసలు ప్రశ్న చివర్లో ఉంది. అంతవరకూ ఎవరూ చదివినట్టు లేదు. జవాబు రాలేదు.

మళ్ళీ రాశాడు. మళ్ళీ రాలేదు. అదే వారంలో ఏదో దేశంనుంచి ఒక కాలేజీ అమ్మాయి రెండు ముక్కల్లో ప్రశ్న రాస్తే జవాబుల వాన కురిసింది. దేవీప్రసాద్ ఆ జవాబులన్నీ లెక్కపెట్టాడు. తరవాత తాతబాబుని పిలిచి ఇంకో మెయిల్ అడ్రసు తెరవమన్నాడు.

"ఏ పేరుతో అన్నా?"

"రోజారమణి."

"వదినగారు నేర్సుకుంటన్నారేటి?"

"ఆఁ, అలగే అనుకో."

రోజారమణి, పెందుర్తి, విశాఖపట్నం అన్న సంతకంతో రాసిన మొదటి ఉత్తరానికి సాయంత్రానికల్లా జవాబు వచ్చింది. కానీ ఒక్కటే. అందులో ఎవరో, ఇంత కష్టపడే బదులు ఒక పాత కంప్యూటర్ కొనుక్కోవచ్చు కదమ్మా అని అడిగారు. ఇక్కడ దేవీప్రసాద్‌లోని రచయిత నిద్రలేచాడు. "కొనుక్కోవాలనే ఉంది అన్నయ్యలారా. నా భర్త కొననివ్వడు. వట్టి పిసినారి," అని రాశాడు.

జవాబులు పోటెత్తాయి.

ఏ మందు పనిచేస్తోందో తెలిశాక డాక్టరు మోతాదు పెంచుతాడు. దేవీప్రసాద్ కూడా పెంచాడు. డిస్కు ఎలా రాయాలో తెలియనప్పుడు, నా భర్త టీవీ రిమోటు తలగడ కింద పెట్టుకుని పడుకుంటాడు అని రాశాడు. కీబోర్డు పలకనప్పుడు, అన్నం వండేదానికి కంప్యూటర్ ఎందుకని నా భర్త నలుగురిలో నవ్వుతాడు అని రాశాడు. మరీ కఠినమైన చిక్కు వచ్చినప్పుడు, నేను సంపాదిస్తే తన పరువు పోతుందని ఆయన భయం, ఆ మాట నోటితో చెప్పడు, నేనే గ్రహించాను అని రాశాడు. ఆ ఉత్తరం చదివి జర్మనీలో ఒకాయన తన పనంతా మానుకుని ఆ చిక్కు విప్పి పంపించాడు. తన కల్పనాశక్తికి దేవీప్రసాద్ తనే ముచ్చటపడ్డాడు. రాసినదాంట్లో కల్పన ఒక్క ముక్క కూడా లేదన్న సంగతి అతనికి తట్టనే లేదు.

అందరికంటే ఎక్కువ సాయం చేసినవాడు రెనాటో. ఫిలిప్పీన్స్ మనిషి, సరుకు ఓడ మీద ఎలక్ట్రీషియన్. తన గదిలోనూ అదే డబ్బా ఉందట. సిస్టర్ రోజా, సిస్టర్ రోజా అంటూ ఒక్కొక్క మెట్టూ ఓపిగ్గా చెప్పేవాడు. ప్రతి ఉత్తరం చివరా, నీ భర్తకి దేవుడు బుద్ధి ఇవ్వాలని ప్రార్థిస్తున్నాను అని రాసేవాడు. దేవీప్రసాద్ ఆమెన్ అని తిరుగు ఉత్తరం రాసేవాడు.

ఆషాఢం మూడొంతులు అయ్యాక ఒక సాయంత్రం టీవీ తెర మీద మూలగా పెంగ్విన్ పక్షి బొమ్మ కనబడింది. దాని కింద తెల్లటి అక్షరాలు బిలబిలమంటూ పరిగెత్తాయి. ఆ పక్షే లినక్స్ గుర్తు. దేవీప్రసాద్ కేక విని అందరూ వచ్చారు.

"కోడి బాగున్నాది," అంది మహాలక్ష్మమ్మ.

రోజారమణి మాత్రం కీబోర్డు ముందు కూర్చుంది. తన పేరు కొట్టింది. తెర మీద ఇంగ్లీషులో పడింది.

"తెలుగులో పడదేటండి?"

"తెలుగింకా రాలేదు. వత్తాది."

"ఇది దాసుకోవడం ఎలగ?"

"దాసడానికి దీంట్లో సోటు లేదు. స్విచ్ కట్టీసేవరకూ అలగే ఉంటాది."

అనగానే కరెంటు పోయింది. మళ్ళీ వచ్చేసరికి పేరు లేదు, పక్షీ లేదు.

రోజారమణి లేచి వెళ్ళి బియ్యం కడిగింది. ఆ రాత్రి భోజనంలో ఉప్పు లేదు. ఎవరూ అడగలేదు.

మర్నాడు దేవీప్రసాద్‌కి నెట్ సెంటర్లో ఇంకో పిడుగు పడింది. రెనాటో రాశాడు. "సిస్టర్ రోజా, మా ఓడ ఇనుప ఖనిజం ఎత్తుకోవడానికి మీ విశాఖపట్నమే వస్తోంది. నిన్నూ, నీ డబ్బానూ చూసి వెళ్తాను. వీలైతే నీ భర్తతో కూడా నాలుగు మాటలు మాట్లాడతాను."

దేవీప్రసాద్ చెమట తుడుచుకుని, "నేను ఊళ్ళో ఉండను. పుట్టింటికి వెళ్తున్నాను," అని తిరుగు ఉత్తరం రాశాడు. రాశాక దాన్ని నిజం చేద్దామని ఇంటికి వచ్చాడు.

"ఏటే రోజా, ఆషాఢం కదా. ఓపాలి ఆనందపురం ఎల్లి మీ అమ్మని సూసి రారాదా?"

రోజారమణి గరిట కింద పెట్టింది. "పెళ్ళయిన కొత్తలో ఆషాఢానికి పంపమంటే, వంటెవులు సేత్తారని ఒగ్గలేదు. ఇప్పుడేటొచ్చింది?"

"అప్పుడు తెలీలేదు. ఆచారం తప్పకూడదు."

"ఆదివారం సుధక్క వత్తన్నాది. డబ్బా సూసి, పని ఇవ్వాలో వద్దో సెప్పీత్తానంది. అదయ్యేక ఎల్తాను."

ఆదివారం వచ్చింది. సుధారాణి ఎవరిదో శుభలేఖ నమూనా కాగితం పట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఆవిడ మొహంలో ఇంకో ఇద్దరు టైపిస్టుల పేర్లు కనిపిస్తున్నాయి. దేవీప్రసాద్ స్నానం చేసి, తువ్వాలు కట్టి, డబ్బా ముందు పీట వేసుకున్నాడు. లారీ కొన్నా లాంచీ కొన్నా పూజ లేకుండా కదపని ఊరది. అందులోనూ మొన్న కరెంటు పోయింది దిష్టి తగిలే అని అతనికి నమ్మకంగా తోచింది. నిమ్మకాయ పెట్టాడు. కొబ్బరికాయ కొట్టాడు. డబ్బాకి పసుపు రాశాడు. అంతటితో ఊరుకోవచ్చు. అసలు ప్రాణమంతా డిస్కులోనే ఉంది కదా అని, దాని తళతళలాడే వైపు గంధం రాసి, మధ్యలో రూపాయి కాసంత కుంకుమ బొట్టు పెట్టి, కళ్ళకద్దుకుని లోపల పెట్టాడు.

డబ్బా గుర్రుమంది. తరవాత కరకరమంది. ఆ తరవాత, రోలు దొర్లినట్టు ఒక శబ్దం చేసి ఆగిపోయింది.

"దాని పేణం పోయింది," అంది మహాలక్ష్మమ్మ.

సుధారాణి కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "రోజా, నాకు తొందరున్నాదమ్మా. ఏటనుకోకు. శ్రావణం నా కోసం ఆగదు కదా." అని లేచింది.

రోజారమణికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒక్క వారం ఆగవా అక్కా," అంది. అంతకుమించి ఆవిడకి అడగడం చేతకాలేదు. సుధారాణి గుమ్మం దాకా వెళ్ళింది.

గుమ్మంలో ఆటో ఆగింది. దొరబాబు దిగాడు. వెనకాల పొట్టిగా, నవ్వు మొహంతో, చేతిలో బిస్కెట్ల డబ్బాతో ఒక పరదేశి దిగాడు.

"అక్కా, ఇతను నీకోసం ఓడలోంచి వచ్చేడే. గుడ్లు దింపడానికెల్తే, పెందుర్తిలో రోజారమణి తెలుసా అని నన్నే అడిగేడు. మా అక్కే అన్నాను. నీ తమ్ముణ్ణని తెలిసి నన్ను వాటేసుకున్నాడు."

దేవీప్రసాద్ తువ్వాలు సర్దుకుని పెరటి దారి వైపు చూశాడు. పెరటి తలుపుకి మహాలక్ష్మమ్మ అడ్డంగా కూర్చుని ఉంది.

రెనాటో చేతులు జోడించాడు. "సిస్టర్ రోజా, ఊళ్ళో ఉండనన్నావు. నీ భర్త వద్దని ఉంటాడని నాకు అర్థమైంది. అందుకే, అతనికి బుద్ధి రావాలని దారంతా ప్రార్థిస్తూ వచ్చాను."

రోజారమణి బీకాం ఇంగ్లీషులో, "మీరెవరు? నేనెప్పుడు రాశాను?" అందామని నోరు తెరిచింది. ఎందుకో భర్త వైపు చూసింది. దేవీప్రసాద్ మొహం తెల్లగా పాలిపోయి, పెదవుల మీద వేలు పెట్టుకుని, కళ్ళతో కాళ్ళు పట్టుకుంటున్నాడు. ఆవిడ నోరు మూసుకుని, అతిథికి కుర్చీ వేసింది.

"ఇతనేనా?" అన్నాడు రెనాటో, తువ్వాలుని ఆపాదమస్తకం చూసి.

"ఇతనే," అంది రోజారమణి.

"టీవీ రిమోటు తలగడ కింద పెట్టుకునేది?"

"అవును."

"అన్నం వండేదానికి కంప్యూటర్ ఎందుకని నలుగురిలో నవ్వేది?"

"అవును," అంది. ఈసారి కాస్త నిదానంగా.

"నువ్వు సంపాదిస్తే పరువు పోతుందని భయపడేది?"

రోజారమణి భర్త మొహంలోకి చూసింది. అతను తల దించుకున్నాడు. "అవునండి," అంది.

"ఏటంటన్నాడురా?" అని మహాలక్ష్మమ్మ దొరబాబుని అడిగింది. దొరబాబు ఒక్కొక్క మాటా తెలుగు చేశాడు. బావ మీద ప్రేమకొద్దీ ఒకటి రెండు తనవి కూడా కలిపాడు.

ఆవిడ అంతా విని బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అన్నీ నిజాలే కదురా. సముద్రం మీదుండీవోడికి ఇవన్నీ ఎవులు సెప్పేరు?"

ఆ ప్రశ్నకి జవాబు తెలిసిన మనిషి ఆ గదిలో ఒక్కడే. అతను గోడకున్న క్యాలెండర్లో తిథులు చదువుకుంటున్నాడు.

రెనాటో డబ్బా దగ్గరికి వెళ్ళి మూత తెరిచాడు. ఎర్రటి పొడి. వేలితో తీసి చూశాడు. డిస్కు మెరిసే వైపంతా ఎరుపే. లోపల డిస్కుని చదివే గాజు కన్ను కూడా ఎర్రబడింది. ఓడ మీద వంటవాడు తమిళుడట, వాడు ఇలాంటి పొడే కూరల్లో వేస్తాడట. రెనాటో వేలు ఎత్తి పట్టుకుని మెల్లిగా లేచాడు.

"కారం," అన్నాడు. "ఎవరు చేశారీ పని?"

"కారం కాదు," అన్నాడు దేవీప్రసాద్, వచ్చిన ఇంగ్లీషులో. "నేనే పెట్టాను. మంచికే పెట్టాను."

తెలుగువాళ్ళకి అది భక్తి. రెనాటోకి నేరం ఒప్పుకోలు. నువ్వు మనిషివేనా అన్నట్టు చూశాడు. దొరబాబు కూడా అదే చూపు చూశాడు, ఎందుకో తెలియకపోయినా.

ఇప్పుడు నోరు విప్పాలి. విప్పితే ఏమని విప్పాలి? నెలరోజులుగా నేనే రోజారమణినై, నా గురించి నేనే ఏడ్చుకుంటూ పరాయి మగవాళ్ళకి ఉత్తరాలు రాశానని తల్లి ముందు చెప్పాలి. బావమరిది ముందు చెప్పాలి. దొరబాబుకి తెలిస్తే సాయంత్రానికి హార్బరంతా తెలుస్తుంది, రేపు పొద్దున్నే పొడుగు ప్రసాద్‌కి తెలుస్తుంది. ఏది విప్పినా తొణకని మనిషి ఆ నోటిని మాత్రం విప్పలేకపోయాడు.

రోజారమణి కొంగు సర్దుకుని రెనాటోతో అంది: "అన్నయ్యా, మీ ప్రార్థన ఫలించింది. ఆయన సిగ్గుపడుతున్నారు. ఈ రోజే నన్ను తీసుకెళ్ళి కంప్యూటర్ కొనిపెడతానని పొద్దున్నే ఒట్టేశారు. పూజ కూడా అందుకే. మీరు తెలిసినవారు, మాతో వచ్చి మంచిది ఎంచి పెట్టండి."

"నిజమా?" అన్నాడు రెనాటో.

దేవీప్రసాద్ చుట్టూ చూశాడు. అందరూ అతని వైపే చూస్తున్నారు.

"నిజమే," అన్నాడు.

రెనాటో అతన్ని తువ్వాలుతో సహా కావలించుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. సుధారాణి గుమ్మంలోంచి వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుంది. "అలగయితే నానూ వత్తాను. తెలుగు అక్షరాలు నాకు కావలసినవి దగ్గరుండి ఏయించుకుంటాను," అంది.

డాబాగార్డెన్స్ దగ్గర కంప్యూటర్ల కొట్టుకి ఒక ఆటోలో ఐదుగురు వెళ్ళారు. చవక రకం దగ్గర దేవీప్రసాద్ ఆగినప్పుడల్లా రెనాటో అతని భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేసి ముందుకు నడిపించాడు. "ఇన్నాళ్ళు చేసినదానికి ఇది తక్కువే బ్రదర్," అనేవాడు. కొట్టువాడు బిల్లు ఎవరి పేరు మీద రాయాలని అడిగాడు.

"రోజారమణి," అన్నాడు దేవీప్రసాద్. ఆ పేరు రాయడం అతనికి అప్పటికే అలవాటైపోయింది.

రెనాటో ఓడకి వెళ్ళిపోయాడు. సుధారాణి పనంతా ఇచ్చేసి వెళ్ళింది. సాయంత్రం కొత్త కంప్యూటర్ ముందు మొగుడూ పెళ్ళాం ఇద్దరే మిగిలారు. దేవీప్రసాద్ గొంతు సవరించుకున్నాడు.

"కోపం వచ్చిందేటే?"

"వచ్చింది."

"నీ పేరెట్టి రాసేననా?"

"పేరుదేటుంది. నా బాధ మీకు తెలీదనుకొని ఇన్నాళ్ళూ సర్దుకున్నాను. మగోళ్ళకి తెలీదులే, సెప్పినా అర్థం కాదులే అని. మీరు ముక్క పొల్లుపోకుండా రాసేరు. అంతా తెలిసే ఊరుకున్నారని ఇవేళ తెలిసింది. దానికొచ్చింది కోపం."

ఏది విప్పినా గుప్పెడు మరలు మిగిలే మనిషికి ఆ పూట ఏమీ మిగల్లేదు.

"ఆ మెయిల్ పాస్‌వర్డ్ సెప్పండి," అంది రోజారమణి. చెప్పాడు. ఆవిడ కంప్యూటర్‌కి ఇంట్లో ఫోను తీగ తగిలించి వెంటనే మార్చేసింది.

శ్రావణం వచ్చింది. ఆ ఇంట్లో వధూవరుల పేర్లు తప్ప వేరే మాట వినబడడం మానేసింది. రోజారమణి పగలంతా టైపు చేసేది. ఫోను తీగ తగిలించి మెయిళ్ళు చూసేది. లినక్స్‌కి తెలుగు నేర్పుతానన్న గ్రూపులో జర్మనీ ఆయనకి తెలుగు అక్షరాలు ఎలా ఉంటాయో వివరంగా రాసి పంపేది. మహాలక్ష్మమ్మ సీరియల్లో కోడలు ఎట్టకేలకు పాలు తాగి, చావకుండా, అత్త ఆస్తంతా తన పేర రాయించుకుంది. ఆవిడ చప్పట్లు కొట్టింది.

దేవీప్రసాద్ డబ్బా లోపలి గాజు కన్నుకి అంటిన కుంకుమని దూదితో తుడిచి తుడిచి, చివరికి దాన్ని మళ్ళీ గుర్రుమనిపించాడు. కానీ పెంగ్విన్ రాలేదు. ఏదో చిన్న చిక్కు, అది విడిపోతే చాలు. ఒక్క గంట కంప్యూటర్ ఇవ్వమని పెళ్ళాన్ని అడిగాడు.

"మాఘం పెళ్ళిళ్ళయ్యేక సూద్దాం," అంది రోజారమణి, తల తిప్పకుండా.

పౌరుషం వచ్చింది. చెప్పులేసుకుని తాతబాబు నెట్ సెంటర్‌కి నడిచాడు. ఈసారి దొంగ పేరు ఎందుకని, దేవీప్రసాద్ అనే సొంత పేరుతో, పెందుర్తి, విశాఖపట్నం అని ఊరితో సహా గ్రూపుకి రాశాడు. "ఇంట్లో కంప్యూటర్ ఉంది. నా భార్య ముట్టుకోనివ్వదు. నా గేమ్ డబ్బా మొదలవడం లేదు. దయచేసి సాయం చేయండి."

కుర్చీ వేడెక్కకముందే జవాబు వచ్చింది. అతని పేరుతో రాసిన ఉత్తరానికి జవాబు రావడం జన్మలో అదే మొదటిసారి. ఆత్రంగా తెరిచాడు.

"మీరు ఆ భర్తగారేనా? మీ చిక్కుకి మందు చాలా తేలిక. వివరంగా రాసి రోజారమణిగారికి పంపించాం. ఆవిడకి తీరిక దొరికినప్పుడు, ఇష్టమైతే, మీకు చెబుతారు."

దేవీప్రసాద్ ఇంటికి వచ్చాడు. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, కంప్యూటర్ గది గుమ్మంలో నిలబడ్డాడు. లోపల కీబోర్డు టకటకలాడుతోంది. చిన్నగా దగ్గాడు.

"మెయిలొచ్చింది, సూసేన్లెండి," అంది రోజారమణి. "కూసోండి. మీకంటే ముందు ఇంకా మూడు పెళ్ళిళ్ళున్నాయి."